వయ్యారిభామ చేసిన నేరమేమి?

మా మాకవరపాలెపు బాటల ప్రక్కను, బంజరులందును వయ్యారిభామను దూషింపని రైతు లేడు. దూషణకు కారణములును గలవు. దాని పుప్పొడి కొందఱికి ఉబ్బసము తెచ్చును; ముట్టినచో దద్దురులు లేచును. దాని ఆకులనుండి, వేళ్ళనుండి నేలలోనికి దిగు పార్థెనిన్ మొదలగు ద్రవ్యములు ప్రక్కనున్న గింజలను మొలకెత్తనీయవు.

ఇది ఉష్ణమండలపు అమెరికా మొక్క. 1955 ప్రాంతమున పూనాలో దీని వ్యాప్తిని గుర్తించిరి. జన్మభూమిలో దీని ఆకును మేయు పురుగులును, దీనికి పట్టు తెగుళ్ళును, దీనితో పోటీపడు ఇరుగుపొరుగును గలవు. ఆ పొరుగును విడిచి గింజ మాత్రమే సముద్రము దాటినది. అదే వేరు, అదే విషము. అచ్చట పదింటిలో నొకటి, ఇచ్చట నిరంకుశము. అట్లయిన దోషము మొక్కలో నున్నదా, పొరుగులో నున్నదా?

శ్రీచందనమును చూడుడు. సంస్కృతము చదివినవారము సౌజన్యమునకు దానినే దృష్టాంతముగా చూపుదుము. కాని ఆ చెట్టు వేరు పొరుగుచెట్టు వేరును పట్టి సారమును పీల్చును. అందుకే సాగుచేయువారు చందనపు మొలక సరసను కందిని నాటుదురు. (కవులకీ సంగతి తెలియదో, తెలిసియు నూరకుండిరో!) ఆ కందియేమో తన వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులచే గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకు సారమిచ్చును. చందనము దొంగయు గాదు, కంది దాతయు గాదు.

కావున మొక్కలనుండి సంఘనీతిని ఏఱుకొనువారిని నేను నమ్మజాలను. బలవంతుడు బలహీనుని తొలగించుటయే ప్రకృతిధర్మమని కొందఱందురు. పరదేశపు మొక్కను తరుమవలె ననుచు పరదేశీయునిపై చూపు త్రిప్పువారును గలరు. మన పచ్చడిలోని మిరపయు, మన మెట్టలలోని జీడిమామిడియు ఆ అమెరికానుండి వచ్చినవే గదా!

మొక్కకు ఎన్నిక లేదు, మనకు గలదు. వయ్యారిభామ విశేషముగా కమ్ముకొనునది దట్టమైన అడవిని గాదు. మేపి మేపి బోడిచేసిన గట్టును, త్రవ్వి విడిచిన నేలను. బొగ్గుపులుసు వాయువు హెచ్చినకొలది అది మఱింత ఏపుగా పెరుగునని ప్రయోగములు తెలిపినవి. ఆ వాయువును హెచ్చించినది మనుష్యుడే.

1984లో, మెక్సికోనుండి తెప్పించిన పెంకుపురుగును దీనిపై బెంగుళూరు ప్రాంతమున విడిచిరి. అది ఆకును తినును గాని, నిర్మూలింపలేదు. తగిరిస దట్టముగా లేచినచోట ఇది అణగును. పూతకు ముందే పెరుకుట మంచిదే. పెరికినచోట తగిరిసయో వెంపలియో లేవనీయవలెను. బోడిగా విడిచినచో తొలకరికి మరల అదియే మొలచును.