కనబడని పొరుగువాడు



మన పెద్దల కాలంలో కొనేవాడూ అమ్మేవాడూ ఒకరి ముఖం ఒకరు ఎరిగి ఉండేవారు. సంతలో చేపలమ్మే అవ్వ పాడైన చేప అంటగడితే, మళ్లీ వారం అదే సంతలో మన ఎదుటే బుట్ట దించుకోవాలి. నలుగురూ ఏమంటారోనన్న భయం ఆమె తూకానికి కాపలా కాసేది. మరి కొన్నవాడు సముద్రాల అవతల ఉంటే ఆ కాపలా ఎవరు కాయాలి? మనల్ని ఎన్నడూ చూడని, మనం ఎన్నడూ చూడబోని మనిషికి మనం ఏమి బాకీ ఉన్నాం? ఈ వారం ఈ సంగతి కాసేపు ఆలోచిద్దాం.

ఇదేదో పండితులకు వదిలేయవలసిన ప్రశ్న అనుకోకండి. మన దేశంలో వనామి రొయ్య సాగుకు 2009లో అనుమతి వచ్చింది. ఆ తరువాత మన కోస్తా జిల్లాలలో ఎన్నో వరిచేలు చెరువులయ్యాయి. 2023-24లో భారతదేశం నుండి 7,16,000 టన్నుల గడ్డకట్టించిన రొయ్యలు విదేశాలకు వెళ్లాయి. అందులో 2,97,000 టన్నులకు పైగా ఒక్క అమెరికా కొన్నది. ఈ రొయ్యలలో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌ది. ఈ పత్రిక చదివే కుటుంబాలలో చెరువు ఉన్నవారు, మేత అమ్మేవారు, ప్లాంటులో రొయ్యలు ఒలిచేవారు, లారీ నడిపేవారు ఎందరో ఉంటారు. కనుక ఇది మన ఇంటి ప్రశ్నే.

చెరువులో పట్టిన రొయ్య వెంటనే ఐసులో పడాలి. ప్లాంటులో తల తీసి, ఒలిచి, కడిగి, గడ్డకట్టించి, పెట్టెలకెత్తుతారు. అక్కడినుండి రీఫర్ కంటైనర్‌లో హార్బరుకు, హార్బరు నుండి ఓడకు. దూరదేశపు రేవు చేరడానికి నెలకు పైగా పట్టవచ్చు. అంతకాలమూ సరుకు మైనస్ 18 డిగ్రీలు, లేదా అంతకన్నా చల్లగా ఉండాలి.

రీఫర్ కంటైనర్ అంటే వేడి సరుకును పెట్టినా గడ్డకట్టించే పెద్ద ఫ్రిజ్ అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ముందే గడ్డకట్టిన సరుకులోని చలిని అది నిలిపి ఉంచుతుంది, అంతే. చల్లగాలి అడుగున ఉన్న గాడుల గుండా వచ్చి, పెట్టెల చుట్టూ తిరిగి పైకి పోవాలి. గీత దాటి పైదాకా పెట్టెలు కుక్కితే గాలి ఆడదు. ముందు చేతులు చేసిన పొరపాటును ఆ యంత్రం దిద్దలేదు. చలి కూడా సూక్ష్మజీవులను చాలావరకు చంపదు, నిద్రపుచ్చుతుంది. కరిగితే అవి లేస్తాయి. మళ్లీ గడ్డకట్టిస్తే మళ్లీ నిద్రపోతాయి గాని, ఈలోగా పెరిగినవి పెరిగినట్లే ఉంటాయి.

ఇప్పుడు ఒక మాట ఊహించండి. డీజిల్ మిగులుతుందని ఒక డ్రైవరు దారిలో కొన్ని గంటలు జనరేటర్ ఆపాడు. పై వరుసల పెట్టెలు కొంత మెత్తబడ్డాయి. హార్బరులో ప్లగ్ పెట్టగానే మళ్లీ గట్టిపడ్డాయి. ఎక్కడో ఒక తల్లి ఆ ప్యాకెట్టు కొని వండింది. ఆమెకు తేడా తెలియకపోవచ్చు. ఇంట్లో బిడ్డకు జబ్బు చేసినా అది ఎక్కడి గంటల పుణ్యమో ఆమె కనుక్కోలేదు. డ్రైవరు అబద్ధమాడలేదు, ఎందుకంటే అతణ్ణి ఎవరూ అడగలేదు. మరి అతడు తప్పు చేశాడా?

“దానికి యంత్రాలున్నాయి గదా!” అని కొందరంటారు. నిజమే, కంటైనర్‌లో ఉష్ణోగ్రతను రాసిపెట్టే యంత్రం ఉంటుంది. అయితే అది కంటైనర్ తలుపు మూసిన తరువాతి కథ చెబుతుంది. చెరువుగట్టున ఐసు తక్కువ వేసిన సంగతి దానికి తెలియదు. చెరువులో క్లోరాంఫెనికాల్ కలిపిన సంగతీ తెలియదు. రొయ్యల పెంపకంలో ఆ మందు వాడకం మన దేశంలో నిషేధం. అరుదుగానైనా అది మనిషి రక్తం తయారయ్యే మూలాన్నే దెబ్బతీయగలదు. ఎంత చలిలో పెట్టినా దాని అవశేషం పోదు. పరీక్షలు కొన్ని పెట్టెలకే జరుగుతాయి. ప్రతి పెట్టెకూ ఒక పోలీసును పెట్టలేము. పెట్టినా, ఆ పోలీసుకు కాపలా ఎవరు?

“అంత పెద్ద వ్యాపారంలో నా వాటా ఎంత?” అని మరికొందరంటారు. ఈ మాట పైకి వినయంలా కనబడుతుంది. కాని గొలుసులో ఏ లంకె తెగినా గొలుసు తెగినట్లే. తొమ్మిదిమంది శ్రద్ధను పదోవాడు ఒక్క గంటలో పాడుచేయగలడు. తనది చిన్న పని అనుకున్నవాడి చేతిలోనే మిగిలిన అందరి శ్రమా ఉంది.

1882లో డనీడిన్ అనే తెరచాప ఓడ సుమారు 5000 గొర్రె మాంసపు కళేబరాలతో న్యూజిలాండ్ నుండి లండన్‌కు బయలుదేరింది. ఆ దేశం నుండి అలా వెళ్లిన మొదటి గడ్డకట్టిన సరుకు అది. ఉష్ణమండలంలో చల్లగాలి సరుకంతటా సరిగా తిరగడం లేదని కెప్టెన్ విట్సన్ గమనించాడు. గాలిగొట్టంలోకి తానే పాకి వెళ్లి రంధ్రాలు కోశాడు. చలికి కొయ్యబారిపోతే తోటివాడు తాడు కట్టి బయటకు లాగవలసి వచ్చింది. 98 రోజుల ప్రయాణం తరువాత పారేయవలసి వచ్చింది ఒక్క కళేబరమే. ఆ మాంసం తిన్న లండన్ వాసులలో ఎందరికి అతని పేరు తెలుసు? తెలియకపోయినా వారికి చేయవలసినది చేశాడు.

అయితే ఈ బాకీ ఒకవైపే ఉండదు. చౌకగా తినేవాడు కూడా తన కంటికి కనబడని వారికి బాకీ ఉన్నాడు. గంటల తరబడి ఐసునీళ్లలో చేతులుంచి రొయ్యలు ఒలిచే ఆడబిడ్డల వేళ్లు అతని పళ్లెంలో కనబడవు. 2020లో కరోనా వల్ల రేవులు మూసుకున్నప్పుడు సుమారు 4 లక్షలమంది నావికులు గడువు తీరినా ఇంటికి వెళ్లలేక ఓడలలోనే ఉండిపోయారు. వారు పనిచేస్తూ ఉన్నందువల్లే దేశదేశాల వంటింళ్లకు సరుకు చేరింది. సరుకుకు కరిగిపోకూడదన్న నియమం పెట్టిన లోకం, దానిని మోసే మనిషికి ఎంత విశ్రాంతి, ఎంత కూలి అన్నది కూడా అంత పట్టుదలగా చూడాలి గదా! శుభ్రమైన ఆహారం అడిగే హక్కు ఉన్నవాడికి న్యాయమైన ధర ఇచ్చే బాధ్యత కూడా ఉంది.

కౌంటుకు ధర పడిపోయి, చెరువులో తెగులు వచ్చి, అప్పు నెత్తిమీద ఉన్నప్పుడు నిజాయితీ ఖరీదైనదే. ఆ బాధ తెలియక ఈ మాట రాయడం లేదు. కాని మన కష్టాన్ని తీర్చుకోవడానికి ముక్కూ ముఖం తెలియని బిడ్డ ఒంటిని తాకట్టు పెట్టే హక్కు మనకెవరిచ్చారు? కష్టం ఉంటే సంఘంగా కూడి ధర అడుగుదాం, అధికారులను అడుగుదాం. ఆ భారాన్ని అడగలేని వాడి పళ్లెంలో మాత్రం వేయవద్దు.

ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు పిల్లలను ఒక మాట అడగండి: “మనం తింటున్న ఈ కూర మన దాకా రావడానికి ఎంతమంది ఎవరూ చూడనప్పుడు కూడా సరిగా పనిచేశారు?” వారితో కలిసి లెక్కపెట్టండి. ఆ తరువాత మీ పనిలో ఎవరూ చూడని చోటు ఏదో మీరే చూసుకోండి.