ఋణభారము – గృహస్థ ధర్మము

చేతిలో పైకము లేకుండగనే, అప్పు తెచ్చి ఇల్లు కొని, వచ్చు అద్దెతో ఆ అప్పు తీర్చి ఆస్తిపరుడు కావలెనను ఆశ నేడు పెక్కుమంది గృహస్థులలో కానవచ్చుచున్నది. పరుల ధనముతో ఆస్తి గడించుట ధర్మమా, అధర్మమా?

ఋణము తనంతట తాను దోషము కాదు. శ్రీనివాసుడు పద్మావతీ పరిణయమునకై కుబేరుని వద్ద ఋణము గైకొనెనని పురాణ ప్రసిద్ధి. కలియుగాంతమున అసలు తీర్తునని, అంతవరకు వడ్డీ చెల్లింతునని స్వామి బ్రహ్మరుద్రులు సాక్షులుగా పత్రము వ్రాసి యిచ్చెను. అందువలననే ఆయన వడ్డికాసులవాడైనాడు. జగత్ప్రభువు ఆ భారమును తన పేరనే వహించెను. హుండీలో కానుక వేయు భక్తుడు ఇష్టముతోనే వేయుచున్నాడు గాని, నిర్బంధముతో కాదు.

గృహస్థుని ఋణమును ఈ వెలుగులో పరిశీలింపవలెను. ఒకడు అద్దె కొఱకు 30 లక్షల రూపాయల ఇల్లు కొనదలచినచో, రిజర్వు బ్యాంకు నిబంధనల మేరకు బ్యాంకు అందు 90 శాతమునకు మించి, అనగా 27 లక్షలకు మించి, ఈయరాదు. మిగిలిన 3 లక్షలు అతడు రెండు రూపాయల వడ్డీకి తెచ్చెననుకొన్నచో లెక్క ఇట్లుండును: బ్యాంకు వడ్డీ 9 శాతము, గడువు 20 ఏండ్లు అయిన, నెలసరి వాయిదా సుమారు 24,300 రూపాయలు, బయటి అప్పుపై వడ్డీ 6,000. అద్దె 10,000 వచ్చినను నెలకు 20,300 లోటు.

ఆ లోటు పూడ్చునది ఎవరు? ఇల్లాలి నగలు, పిల్లల చదువు, హామీ సంతకము చేసిన మిత్రుడు. లాభమైన తనది, నష్టమైన పరులది అను ఈ ఏర్పాటులోనే అధర్మమున్నది.

ఇట్టి ఋణములు పెరిగినపుడు కీడు ఒక్క ఇంటితో ఆగదు. ధరలు తగ్గవను నమ్మకముతో అమెరికాలో సొంత సొమ్ము పెట్టని వారికి సైతము విరివిగా గృహఋణము లిచ్చిరి. 2006 తరువాత ధరలు పడిపోయెను. 2008 నాటి ఆర్థిక సంక్షోభములో ఏ ఇల్లును కొనని వారు కూడ ఉద్యోగములు కోల్పోయిరి.

కనుక కొనువాడు ముందుగా చెల్లించు సొంత సొమ్ము, నష్టము వచ్చిన మొదట తానే భరింతునని పలుకు మాట వంటిది. అది కూడబెట్టువరకు ఓర్పు వహించుట గృహస్థునకు శ్రేయస్కరము. వడ్డికాసులవాని సన్నిధికి వచ్చు ప్రతి గృహస్థుడును తన ఋణపత్రమును ఒక్కమారు తలచుకొనవలెను: దాని భారము తన భుజములపై నున్నదా, తన్ను నమ్మిన వారి భుజములపై నున్నదా?