బాపమ్మ కంటిలోని కాపరి

"నా కండ్ల పొర తీసిండ్రు గదా బిడ్డా, దాన్నేం జేసిండ్రు?"

ఆపరేషనైన మూడో రోజు కరీంనగర్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చొని బాపమ్మ అడిగింది. నలభై ఏండ్లు తునికాకు కత్తిరించి బీడీలు చుట్టిన మనిషి. "పడేసుంటరు" అన్నాను. ఆ జవాబు ఇప్పటికీ నన్ను నొప్పిస్తుంది.

పొర అంటాం గానీ కంటి మీద ఏ పొరా కమ్మదు. కంటి లోపలి కటకమే మసకబారుతుంది. చర్మం, రక్తం మళ్లీ మళ్లీ పుడతాయి. కటకం నడిమి కణాలు మాత్రం వెలుగుకు అడ్డు కాకుండా తమ కేంద్రకాలనే వదులుకుంటాయి. ఇక అక్కడ కొత్త ప్రొటీన్ తయారు కాదు. తల్లి కడుపులో ఏర్పడినవే కడదాకా పనిచేయాలి. మరి డెబ్బై ఏండ్లు ఆ కన్ను తేటగా ఎట్లా ఉన్నది?

హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త చింతలగిరి మోహన్‌రావు ఏండ్ల తరబడి ఈ ప్రశ్న వెంటే నడిచారు. కటకంలోని ఆల్ఫా క్రిస్టలిన్ అనే ప్రొటీన్, చెడిపోతున్న తోటి ప్రొటీన్లు ముద్దకట్టకుండా పట్టుకుంటుందని 1992లో అమెరికాలో జోసెఫ్ హార్విట్జ్ చూపారు. 1994లో మోహన్‌రావు, బి. రామన్ దానికి మరో సంగతి చేర్చారు. ఇన్సులిన్ లోపలి బంధాలు తెంపితే పరీక్షనాళికలో ద్రవం పాలలా విరుగుతుంది. ఆల్ఫా క్రిస్టలిన్ తోడుంటే విరగదు, అదీ వేడి 30 డిగ్రీలు దాటినప్పుడే బాగా. వేడెక్కేకొద్దీ ఈ కాపరికి బలం పెరుగుతుందన్నమాట! రామగుండం ఎండలెరిగిన నాకు ఆ మాట మనసులో నిలిచిపోయింది.

మోహన్‌రావుకు 1999లో శాస్త్ర పరిశోధనకిచ్చే భట్నాగర్ పురస్కారం వచ్చింది. 2009 నుంచి 2016 దాకా సీసీఎంబీకి డైరెక్టర్‌గా ఉన్నారు. పదిమంది పని చెదరకుండా చూడడం కూడా ఆ ప్రొటీన్ చేసే కాపలా లాంటిదే అనిపిస్తుంది నాకు. పేరు పక్కవాళ్లకు, అలసట తనకు. కానీ వయసు మీదపడేకొద్దీ కటకం నడుమ కరిగివుండే ఆల్ఫా క్రిస్టలిన్ తరిగిపోతుంది. మసక అప్పుడు మొదలవుతుంది.

మొన్న బాపమ్మ పక్కన కూర్చొని చెప్పాను: "వాళ్లు తీసింది నీ ఒంట్ల చాలా పాతది బాపమ్మా. దాని నడిమి భాగం నువ్వు పుట్టకముందుది."

"మా అవ్వ కడుపులున్నప్పటిదా?"

ఔనన్నాను. కొంగుతో కన్ను తుడుచుకోబోయి, డాక్టర్ వద్దన్న సంగతి గుర్తొచ్చి చేయి దించుకున్నది.