జానెడు జాగా

మౌసు మంచిదా, ట్రాక్‌ప్యాడ్ మంచిదా అని నన్నెవరైనా అడిగితే ఎదురు ప్రశ్న వేస్తాను: మీరు ఎక్కడ కూర్చుని పని చేస్తారు?

ఇందులో ధర్మసందేహం ఏముంది, ఎవరి చేతివాటం వాళ్ళది అంటారేమో. మా ఇంటి సంగతే చూడండి. ఉన్నవి మూడు లాప్‌టాప్‌లు. మావారి దానికి మౌసు ఉంది. నాకూ, మా అమ్మాయికీ లేదు. కొనలేక కాదు, నాలుగైదు వందలు పెడితే వచ్చేస్తుంది. దాన్ని ఆడించడానికి చోటే లేదు.

ట్రాక్‌ప్యాడ్ మహా సర్దుబాటు గల పిల్ల. ఒళ్ళో ఒదిగిపోతుంది. మంచం వారన, డైనింగు టేబులు మీద చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి జరిపి, వంటింటి గట్టు మీద కుక్కరు కూతలు లెక్కపెడుతూ, ఎక్కడైనా సరే నోరెత్తదు. మౌసు అలాంటిది కాదు. దానికి బల్ల కావాలి. ఆ బల్ల మీద ఇంకెవరూ కాఫీ కప్పూ, కళ్ళజోడూ పెట్టని జానెడు జాగా కావాలి. కొత్తల్లుడికి మల్లే పీట వేస్తే గాని కూర్చోదు.

మరి దాన్ని పుట్టించినవాళ్ళు బల్లల ముందు కూర్చునేవాళ్ళే కదా! అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించిన ఈ వస్తువుని 1964లో బిల్ ఇంగ్లిష్ తయారుచేశాడు. అరచేతిలో ఇమిడే చెక్కపెట్టె, అడుగున రెండు చక్రాలు, పైన ఒక్క మీట. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దాన్ని సభలో ఆడించి చూపించాడు. కుడిచేతి కింద మౌసు, ఎడమచేతి కింద ఐదు మీటల పరికరం. అంతకు ముందు వాళ్ళు బల్ల కింద మోకాలితో నడిపే పరికరాన్ని కూడా పరీక్షకి పెట్టారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అది బాగానే పనికొచ్చిందిట గానీ, చెయ్యి తిరిగినవాళ్ళ దగ్గర మౌసే గెలిచింది. కత్తిపీట కాలితో తొక్కిపెట్టి కూరలు తరిగిన మనకి, కుట్టుమిషను తొక్కిన మనకి, ఆ మోకాలి యంత్రం మీద కాస్త జాలి కలగక మానదు.

ట్రాక్‌ప్యాడ్ తర్వాతిది. 1994లో ఆపిల్ వాళ్ళ పవర్‌బుక్ 500 లాప్‌టాప్‌లలో వచ్చింది. వేలు తగిలినచోట విద్యుత్తులో కలిగే చిన్న మార్పుని అది పసిగడుతుంది. అందుకే తడి వేలు పెడితే తికమకపడి బాణం గుర్తుని ఎటో పారేస్తుంది. అంట్లు తోముతూ మధ్యలో వచ్చి ఓ వాక్యం దిద్దుకునేవాళ్ళు కూడా ఉంటారని ఎవరూ అనుకోలేదు కాబోలు.

రెండేళ్ళ కిందట నా కుడి మణికట్టు నొప్పి పెట్టింది. డాక్టరమ్మగారు మందు రాయబోయి ఆగి, ‘‘ఎక్కడ కూర్చుని టైపు చేస్తారు?’’ అన్నారు. ‘‘ఎక్కడ పడితే అక్కడేనండీ’’ అన్నాను. చెబుతున్నప్పుడు నా గొంతులో కాస్త గర్వం పలికింది. ఆవిడ నవ్వలేదు.

ఆ గర్వం సంగతే నన్ను ఆలోచనలో పడేసింది. సర్దుకుపోవడం సుగుణమని మనకి ఉగ్గుపాలతో నేర్పారు, సుగుణమే. కానీ సర్దుకోమని ఎవరూ అడగకుండానే, అడిగితే కాదనేవాళ్ళెవరూ లేకుండానే సర్దుకుపోతుంటే, దాన్ని ఏమనాలి?

మా గుడిమల్కాపూర్ పూలమార్కెట్టులో నాకు అలవాటైన ఒకామె ఉంది. గోనెసంచి పరుచుకుని చామంతులూ, బంతులూ పోసుకుని కూర్చుంటుంది. ఆ సంచి అంచు మీద ఎవరైనా బుట్ట దించారా, అయిపోయారన్నమాటే. ‘‘ఇంత గొడవెందుకక్కా, దండ ఒళ్ళో పెట్టుకుని కట్టుకోవచ్చుగా’’ అన్నాను ఓ రోజు.

‘‘ఒళ్ళె పెట్టుకొని కూడ కడ్తమమ్మా. గని గట్ల కడ్తే పొద్దుపోక కడ్తున్నదనుకుంటరు. సంచి పరుస్తెనే బేరం’’ అంది, చేతిలో దారం ఆపకుండా.

మూర కొలిచి పూలు ఇచ్చింది. నేను అక్కడే కాసేపు నిలబడిపోయాను. ఒళ్ళో రాసుకునే నన్ను చూసి ఇంటికొచ్చినవాళ్ళు ‘‘ఖాళీగానే ఉన్నారా?’’ అని ఎందుకడుగుతారో తెలిసింది. మావారి గదిలోకి తొంగిచూసి ‘‘పనిలో ఉన్నట్టున్నారు’’ అని వెనక్కి తగ్గేదీ వాళ్ళే సుమండీ!

అలాగని ట్రాక్‌ప్యాడ్‌ని తీసిపారేస్తే పాపం తగులుతుంది. మా అత్తగారు ఆసుపత్రిలో ఉన్న నెల్లాళ్ళూ వరండాలో బెంచీ మీద కూర్చుని నవలలో నాలుగు ప్రకరణాలు రాశాను. బల్ల కోసం చూస్తూ కూర్చుంటే ఒక్క అక్షరం పడేది కాదు. గతిలేనప్పుడు ఆదుకున్నదాన్ని గతి ఉన్నప్పుడు నిందించకూడదు. ఆసుపత్రి బెంచీ మీద సర్దుకున్నట్టే సొంత ఇంట్లోనూ సర్దుకోవాలా అన్నదే నా బాధ.

ఇంకో చిక్కుంది. రెండు పడగ్గదుల ఇల్లు మాది. నా జానెడు జాగా ఆకాశంలోంచి ఊడిపడదు, ఇంకొకరి జానెడు తగ్గాలి. ఎవరిది? ఈ లెక్క తేలకే చాలామంది ఆడవాళ్ళు ఒళ్ళోనే కానిచ్చేస్తారు. అడగడం స్వార్థమనిపిస్తుంది. ఇచ్చేవాళ్ళకి మాత్రం మనం అడగనంతకాలం అక్కడ లెక్కంటూ ఒకటి ఉందనే తెలియదు.

మొన్న ఆదివారం మావారి బల్ల మీద పాత కరెంటు బిల్లులూ, పెళ్ళి శుభలేఖలూ ఒక అట్టపెట్టెలో సర్దాను.

‘‘ఇక్కడుండే కాగితాలేవీ?’’ అన్నారు.

‘‘పెట్టెలో ఉన్నాయండీ. ఈ మూల ఇక ఏమీ పెట్టకండి’’ అన్నాను.

ఆయన ఆ మూలకేసి చూసి, తల గోక్కుని, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. మౌసు ఇంకా కొనలేదు. మా అమ్మాయి మాత్రం అందులో సగం తనదంటోంది.