నల్లపిల్లి ఎవరింటికి?

సాతంరాయిలో మా ఇంటి అటక మీద మూడురంగుల పిల్లి మూడు కూనల్ని పెట్టింది. పసుపూ, నలుపూ, తెలుపూ అద్దినట్టుండే తల్లిని చూసి "లక్ష్మీకళ ఉందండీ!" అంది పక్కింటావిడ. కూనలు అటక దిగి ఇల్లంతా తిరగడం మొదలెట్టాక పంపకాలు పెట్టాను. పసుపురంగు మగదాన్ని ఆవిడే పట్టుకెళ్ళింది. తల్లి పోలికలున్న ఆడది మర్నాడే వెళ్ళిపోయింది. కాటుకముద్దలాంటి మగది మాత్రం మిగిలిపోయింది. వచ్చినవాళ్ళంతా "అబ్బే, పొద్దున్నే లేచి దీని మొహం చూడాలంటే..." అని నసిగినవాళ్ళే. నాకు ఒళ్ళు మండింది.

ఈ రంగుల సంగతి తమాషాగా ఉంటుంది. పసుపా, నలుపా అన్నది తేల్చే జన్యువు పిల్లుల్లో ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. అదేదో 2025లో జపాన్, అమెరికా శాస్త్రజ్ఞులు పట్టుకున్నారు. మగదానికి ఎక్స్ ఒక్కటే కనుక రెంటిలో ఏదో ఒక రంగే. ఆడదానికి రెండు. పిండదశలోనే ఒక్కొక్క కణం అందులో ఒకదాన్ని నిద్రపుచ్చుతుందని 1961లో మేరీ లయన్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞురాలు చెప్పింది. అందుకే ఆ మచ్చలు. అందుకే మూడురంగుల పిల్లులు దాదాపు అన్నీ ఆడవే. రంగుకణాలు చేరని చోటు తెల్లగా మిగులుతుంది. అన్నట్టు, మన ఆడవాళ్ళ ఒంట్లోనూ జరిగేది ఇదే. ఒక కణంలో అమ్మ ఇచ్చింది పనిచేస్తే, పక్కదాన్లో నాన్న ఇచ్చింది. పైకి కనబడదు, అంతే!

అంటే ఈ నల్లకూన నలుపు ఎక్కణ్ణించో ఊడిపడలేదు. వాళ్ళమ్మ వీపు మీదున్నదే. అక్కడ లక్ష్మీకళ, ఇక్కడ అపశకునమూనా?

ఈ మాటే మా అమ్మాయితో ఆవేశంగా అన్నాను. దానికి పదిహేడేళ్ళు. చామనఛాయ.

"మరి నాకు సున్నిపిండెందుకమ్మా?" అంది, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని.

ఏం చెప్పను? "మా అత్తగారిది నలుపైనా ఎంత కళో!" అని పదిమందికీ చెప్పేది నేనే. ఆవిడ రంగు కూతురికొస్తే ఆదివారమాదివారం సున్నిపిండి కలిపేదీ నేనే. 'నాకోసమా? రేపు పెళ్ళిచూపులకొచ్చే వాళ్ళకోసం' అని సరిపెట్టుకునేదాన్ని. కూనల్ని చూడ్డానికొచ్చినవాళ్ళూ ఆ లోకంలోవాళ్ళేగా! వాళ్ళమీద మండిన ఒళ్ళు నామీద మండదేం? లోకానికి జడిసి బిడ్డను దిద్దడం ప్రేమేనా, లేక లోకంతో చేతులు కలపడమా?

శంషాబాదు విమానమొకటి మా డాబా మీంచి గర్జిస్తూ పోయింది. కూన ఉలిక్కిపడి దాని పమిటలో దూరింది.

నల్లపిల్లి మా ఇంట్లోనే ఉంది. సున్నిపిండి డబ్బా కూడా ఇంకా గూట్లోనే ఉంది. రెండూ ఒకే కప్పు కింద ఎన్నాళ్ళు ఇమడగలవో మీరే చెప్పండి.