ముగ్ధభక్తియు శిశుక్రీడయు

వీరశైవ సంప్రదాయమున శిశువు పుట్టినంతనే లింగధారణ చేయుదురు. ఆ బిడ్డ పంచాక్షరి పలుకనేరదు, నియమమెరుగదు, పూజకొక పువ్వు కోసి తేజాలదు. అయినను పెద్దవాడగువరకు వేచియుండుమని గురువు ఆ శిశువును వెలుపల నిలుపడు. ఆనాడే భక్తుల వరుసలో చేర్చుకొనును. ఈ ఆచారమునందొక ధర్మసూక్ష్మము కలదు. శివుని చేరుటకు తెలివి ముదురవలెనను నియమము లేదు. కపటమెరుగని మనస్సు చాలును.

పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దమున ద్విపదలో రచించిన బసవపురాణము ఇట్టి మనస్సును ముగ్ధభక్తియని కొనియాడినది. అందు బెజ్జమహాదేవి కథ ప్రసిద్ధము. శివునకు తల్లి లేదని ఆమె దుఃఖించెను. తల్లియే యుండినచో బిడ్డను విషము మ్రింగనిచ్చునా యని తలపోసి, తానే తల్లియై లింగమూర్తికి నూనె అంటి, నీళ్లు పోసి, కాటుక దిద్ది, పాలు పట్టి లాలించెను. లోకము దానిని ఆటయనవచ్చును. శివుడు మాత్రము దానిని సేవగా స్వీకరించెను. ఆటకును ఆరాధనకును నడుమ ఆమె గోడ కట్టలేదు.

గొడగూచి కథ ఇంతకన్న లోతైనది. ఆమె తండ్రి ప్రతిదినము శివునకు పాలు నివేదించువాడు. ఒకప్పుడు ఊరికి పోవుచు ఆ పనిని పసికూతునకు అప్పగించెను. నివేదనమనగా ఎదుట నుంచి మరల ఇంటికి తెచ్చుటయని ఆ బాలకు తెలియదు. శివుడు నిజముగా త్రాగవలెననియే ఎంచెను. త్రాగకపోగా బ్రతిమాలెను, ఏడ్చెను, ప్రాణము విడుతుననెను. శివుడు త్రాగెను. తండ్రి తిరిగివచ్చి పాలేవని అడుగగా ఆమె ఉన్నమాట చెప్పెను. ఆయన నమ్మలేదు. తన కన్నులయెదుట త్రాగింపుమనెను. శివుడు త్రాగలేదు. తండ్రి కోపించి కొట్టబోగా బాలిక లింగమును కౌగిలించుకొని అందే ఐక్యమయ్యెను. ఆమె కురులు మాత్రము వెలుపల మిగిలెనని కథ.

ఆ తండ్రి నాస్తికుడు కాడు, నియమము తప్పినవాడును కాడు. ఏండ్ల తరబడి పాలు మోసినవాడు. అయినను తన ఇంట శివుడు బిడ్డతో ఆడుచుండగా గుర్తింపలేకపోయెను. బిడ్డ మాట బిడ్డమాటయేగదా యనుకొనెను. గుర్తించునప్పటికి చేతిలో బిడ్డ లేదు.

ఈ ఎడబాటు పురాణకాలముతో ముగియలేదు. దానికి నేడు తీరికలేమియని పేరు. ఆర్మూరు ప్రాంతపు పసుపు రైతునే చూడుడు. తొలకరిలో నాటిన పంట ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో నుండును. చలికాలము చివర త్రవ్వి, ఉడికించి, కళ్లములో ఎండబోసి, మెరుగు పట్టించి నిజామాబాద్ మార్కెట్ యార్డునకు తరలింపవలెను. ఆరబోసినపుడు మబ్బు పట్టిన గుండె జారును. ధర ఏమి పలుకునోయని రాత్రి నిద్ర రాదు. అట్టి వేళ మూడేండ్ల బిడ్డ పచ్చని అరచేతులతో పరుగెత్తివచ్చి తండ్రి చెంపలకు పసుపు పూసి, తనను పట్టుకొమ్మని కుప్పల నడుమ పరుగిడును. కసరుటకు ఒక్క క్షణము చాలును. నవ్వి వెంటబడుటకును ఒక్క క్షణమే చాలును. కాని బిడ్డ మనస్సులో నిలుచునది ఆ క్షణమున తండ్రి ఎంచుకొన్నదియే.

కాయకము కైలాసముతో సమానమని శరణులు బోధించిరి గదా, పని విడిచి ఆడుట తగునా యని కొందరు శంకింతురు. దీనికి ఆయ్దక్కి మారయ్య దంపతుల చరిత్ర సమాధానమిచ్చును. కల్యాణములో నేలరాలిన బియ్యపుగింజలు ఏరితెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడతడు అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. ఎక్కువైనది ఆశయేగాని కాయకము కాదని చెప్పి, మిగులు బియ్యమును తెచ్చినచోటనే వేసిరమ్మని పంపెను. కాయకమునకు హద్దు కలదని ఆ సాధ్వి తేల్చిచెప్పినది. ఆ హద్దు దాటి శ్రమించు గంట ఎవరి సొత్తు? పెక్కు ఇండ్లలో అది పసిబిడ్డ సొత్తు.

ఈ సీమ నుండి దశాబ్దములుగా ఎందరో తండ్రులు గల్ఫ్ దేశములకు పోయి కష్టపడుచున్నారు. అది ఆశ కాదు, అవసరము. సెలవుపై వచ్చిన తండ్రిని చూచి బిడ్డ నాయనమ్మ చెంగు చాటున దాగును. తెచ్చిన బొమ్మలతో ఆ బెరుకు తీరదు. తండ్రి నేలపై చతికిలబడి, ఏనుగై వంగి, వీపుమీద ఎక్కించుకొన్ననాడు తీరును. సెలవు దినములు కొన్నియే గనుక ఆ ఆటకు ముహూర్తము వెదకరాదు.

ఆటకును ఒక మర్యాద కలదు. ఆట బిడ్డది, పెద్దలు అందు అతిథులు. నియమములు బిడ్డయే పెట్టును, నడుమ మార్చును, గెలుపు తనదేయనును. దానిని సరిదిద్దబూనరాదు. ప్రతి ఆటలో పాఠము చెప్పనక్కరలేదు. చేతిలో ఫోను పెట్టి కూర్చుండబెట్టుట ఆడించుట కాదు. పసుపు ఉడుకు కడాయి, మెరుగుపట్టు యంత్రము ఉన్నచోటికి పసివారిని రానీయకుండుట పెద్దల బాధ్యత. అచ్చట కఠినముగ నుండి, మిగిలినచోట్ల చేయి సడలింపవలెను.

ఆర్మూరు నవనాథ సిద్ధుల గుట్ట నెక్కునపుడు బిడ్డ ప్రతి నల్లరాతికడ నిలుచును. ఒకదానిని గుర్రమనును, ఒకదానిని ఇల్లనును. పెద్దలు దర్శనమునకు ఆలస్యమగునని చేయిపట్టి లాగుదురు. పైనున్న స్వామి ఎచ్చటికిని పోడు. స్థావరము వేచియుండును. చేతనున్న జంగమమూర్తి మాత్రము దినదినము పెరిగి, ఒకనాడు చేయి విడిపించుకొని తన దారిన పోవును. ఆ రాతిగుర్రముపై బిడ్డ వెనుక కాసేపు కూర్చుండిన గృహస్థుడు దర్శనమునకు ఆలస్యమైనవాడు కాడు. ఆతని దర్శనము అచ్చటనే ఆరంభమైనది.