ఇల్లు కాలాక తవ్వే బావి

ఇల్లు కాలాక బావి తవ్వడం తెలివితక్కువ పని అంటుంది మన సామెత. అమెరికాలో ఒక చట్టం మాత్రం, అప్పుడు తవ్వినా నీళ్లు పడే ఏర్పాటు చేసింది.

దాని పేరు కోబ్రా. 1986లో వచ్చింది. కనీసం 20 మంది పనిచేసే కంపెనీలో ఉద్యోగం పోతే, అదే హెల్త్ ఇన్సూరెన్సును మామూలుగా 18 నెలల దాకా ఉంచుకోవచ్చు. కాకపోతే కంపెనీ వాటా కూడా మనమే కట్టాలి, పైన ఇంకో 2 శాతం. జీతం ఆగిన నెలలోనే అసలు ధర తెలుస్తుందన్నమాట.

కావాలో వద్దో తేల్చుకోడానికి కనీసం 60 రోజుల గడువు ఉంటుంది. చివరి రోజున ఒప్పుకున్నా సరే, బకాయి ప్రీమియం మొత్తం కడితే కవరేజి పోయిన రోజు నుంచే వర్తిస్తుంది. అందుకే లేఆఫ్ అయిన మనవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే సలహా: "ఇప్పుడే కట్టకు. ఏమన్నా అయితే అప్పుడు చూసుకోవచ్చు."

ఇది న్యాయమేనా?

ఇన్సూరెన్సు నిలబడేది ఒక తెలియనితనం మీద. రేపు ఎవరు మంచాన పడతారో తెలియదు కాబట్టి అందరం ముందే తలా కొంత వేస్తాం. తెలిశాక వేసేవాడు చందా ఇవ్వకుండా బంతిలో కూర్చున్నట్టే. వాడి ఖర్చులో చాలాభాగం మిగతావాళ్ల మీద పడుతుంది.

కానీ ఆ బంతి నుంచి ముందు లేపింది ఎవరు? రెండో ప్రపంచయుద్ధంలో, 1942 చట్టంతో జీతాల పెంపుకి కళ్లెం పడితే, పనివాళ్లని ఆకర్షించడానికి కంపెనీలు ఇన్సూరెన్సు ఇవ్వడం పెరిగింది. పన్ను మినహాయింపు వల్ల అది పాతుకుపోయింది. డాక్టరుకీ ఉద్యోగానికీ ముడి అలా పడింది. ఉద్యోగం పోతే షుగరు పోదు, కడుపులో బిడ్డ ఆగదు. హెచ్-వన్-బి వాళ్లకైతే ఇంకో ఉద్యోగం వెతుక్కోడానికి కూడా దొరికేది మహా అయితే 60 రోజులే.

నా మటుకు నాకు తేడా బ్యాంకు బాలెన్సులో కనిపిస్తుంది. అద్దెకా, ప్రీమియానికా అని లెక్కేసుకునే మనిషి ఆగితే తప్పు పట్టలేను. ఆ ఇరకాటంలోకి నెట్టింది ఏర్పాటే. ఆరు నెలల జీతం చేతిలో పెట్టుకుని ఆగేవాడికీ చట్టం అడ్డు చెప్పదు. కానీ వాడు మిగుల్చుకునేది కంపెనీ సొమ్మొక్కటే కాదు. నిన్నటిదాకా పక్క సీట్లో కూర్చున్నవాడి ప్రీమియం కూడా అందులో ఉంది.